ఆదికొలత ఎవరి ఒంటిది?

దుకాణం ముందున్న బొమ్మకు చక్కగా అమరిన డ్రెస్సు మనకెందుకు అమరదు? లోపం ఒంట్లో ఉందా, కొలతలో ఉందా? తిరుపతి బట్టల అంగడి నుంచి శిల్పశాల దాకా ఒక పరిశీలన.

పెళ్ళిళ్ళ కాలంలో తిరుపతి గాంధీ రోడ్డు కిటకిటలాడుతుంది. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా బట్టలకు వస్తాయి. చీరల దగ్గర రంగు గురించి, అంచు గురించి, ధర గురించి ఎంత చర్చయినా జరుగుతుంది. ఒంటికి పడుతుందా అన్న ప్రశ్న మాత్రం రాదు. ఐదున్నర మీటర్ల గుడ్డ కాలేజీ పిల్లకూ సరిపోతుంది, ఆమె అమ్మకూ సరిపోతుంది. కుచ్చిళ్ళు ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి, అంతే.

రెడీమేడ్ డ్రెస్సుల దగ్గరికి వెళితే పరిస్థితి వేరు. భుజాల దగ్గర సరిపోయింది నడుము దగ్గర బిగుస్తుంది. నడుముకు సరిపోయింది మెడ దగ్గర జారుతుంది. ట్రయల్ రూములోంచి బయటికొచ్చిన అమ్మాయి ‘నేను లావైపోయాను’ అంటుంది. ‘ఈ డ్రెస్సు కొలత నాది కాదు’ అనదు. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఎంత దూరముందో విజ్ఞానశాస్త్రం చెప్పగలదు. ఆ దూరంలో ఎంతోమంది ఆడపిల్లల ఆరోగ్యం నలిగిపోతోంది కాబట్టి ఇది తెలుసుకోవలసిన సంగతి.

బొమ్మ వీపున పిన్నులు

అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మను పక్క నుంచి చూడండి. డ్రెస్సును వెనక్కి లాగి వీపు దగ్గర పిన్నులో క్లిప్పులో పెట్టి ఉంటారు. ముందు నుంచి చూసేవారికి అది ఒంటికి పోసినట్టు కనిపిస్తుంది. అంటే దుకాణంలోని చిన్న సైజు డ్రెస్సు కూడా ఆ బొమ్మకు వదులే.

ఈ బొమ్మల కొలతలు తీసి చూసినవాళ్ళున్నారు. ఫిన్లాండ్‌కు చెందిన మిన్నా రింటలా, పెర్టి ముస్తయోకి 1920ల నుంచి 1990ల దాకా తయారైన ఆడ బొమ్మల చేతులు, నడుము, తుంటి, తొడల చుట్టుకొలతలు తీశారు. 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రకటించారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి బొమ్మలు మామూలు స్త్రీ దేహానికి దగ్గరగా ఉన్నాయి. ఆ తరువాతవి చిక్కుతూ వచ్చాయి. ఆనాటి ఆధునిక బొమ్మ ఆకారంలో నిజంగా ఒక స్త్రీ ఉంటే, నెలసరి రావడానికి కావలసినంత కొవ్వు కూడా ఆమె ఒంట్లో ఉండకపోవచ్చని వారు తేల్చారు. 2017లో బ్రిటన్‌లోని రెండు నగరాల్లో దుకాణాల బొమ్మలను పరిశీలించిన పరిశోధకులకు ఆడ బొమ్మలన్నీ ఉండవలసిన బరువు కంటే తక్కువగా ఉన్నట్టు కనిపించాయి. మగ బొమ్మల్లో అలాంటివి 8 శాతమే.

సైజు పట్టిక ఎలా పుడుతుంది?

కాలరు మీద ఎస్, ఎం, ఎల్ అని ఉండే గుర్తు వెనక మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, నమూనా. కంపెనీ ఒక కొలతను ఎంచుకుని దానికి డ్రెస్సు కుట్టి, ఒక మోడల్‌కు తొడిగి సరిచూస్తుంది.

రెండో మెట్టు, పెంపకం. ఆ నమూనా కాగితాన్ని అన్ని వైపులా లెక్క ప్రకారం కొంచెం పెంచితే తరువాతి సైజు, ఇంకొంచెం పెంచితే ఆ పై సైజు. ఇక్కడే అసలు తేడా వస్తుంది. మనిషి ఒళ్ళు అన్ని వైపులా ఒకే లెక్కన పెరగదు. బరువు పెరిగినవారి భుజాల ఎముకలు వెడల్పు కావు, చేతుల పొడవు పెరగదు. ఒకరికి పొట్ట దగ్గర, మరొకరికి తుంటి దగ్గర, ఇంకొకరికి జబ్బల దగ్గర కండ పడుతుంది. నమూనా నుంచి ఎంత దూరం జరిగితే అమరిక అంత చెడుతుంది. పెద్ద సైజులు భుజం మీద నుంచి జారిపోతూ చంక దగ్గర బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

మూడో మెట్టు, పొదుపు. ఫ్యాక్టరీలో గుడ్డను పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కోస్తారు. ఒక్కో ముక్కలో ఒక సెంటీమీటరు మిగిల్చినా వేల డ్రెస్సుల మీద అది పెద్ద మొత్తం. అందుకే లోపల వదలవలసిన గుడ్డను కనీసానికి తగ్గిస్తారు. ఆ తరువాత కుట్లు విప్పి వదులు చేసుకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి మెట్టులో ఎంచుకున్న కొలత ఎవరిది? 1939-40లో అమెరికా ప్రభుత్వం తరఫున రూత్ ఓబ్రయన్ బృందం దాదాపు 15 వేల మంది స్త్రీలను ఒక్కొక్కరినీ 59 చోట్ల కొలిచింది. ఆ లెక్కల్లో నల్లజాతి స్త్రీలకు చోటు దక్కలేదు. ఆ దేశపు సైజు పట్టికలకు ఆ కొలతలే పునాది అయ్యాయి. మన దేశంలో రెడీమేడ్ పరిశ్రమ పెరిగాక అమెరికా, బ్రిటన్ పట్టికలనే అక్కడా ఇక్కడా సవరించి వాడుకుంది. సగటున 152 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఎత్తుండే మన దేశపు స్త్రీ ఆ పట్టికలో తనను తాను వెతుక్కోవలసి వచ్చింది.

సగటు తీసుకుంటే సమస్య తీరుతుందా అంటే అదీ లేదు. 1950లో అమెరికా వైమానిక దళం విమానంలో పైలట్ కూర్చునే చోటును సరిచేయడానికి 4,063 మంది పైలట్లను కొలిచింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు వాటిలోంచి పది ముఖ్యమైన కొలతలు తీసుకుని, ఆ పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారెందరని లెక్కపెట్టాడు. ఒక్కరూ తేలలేదు. సగటు మనిషి కోసం చేసిన సీటు ఎవరికీ సరిగా సరిపోని సీటు అయింది. వైమానిక దళం ముందుకూ వెనక్కూ జరుపుకోగల సీట్ల వైపు మళ్ళింది.

■ ఆది జాకెట్టు ఎందుకు అతుకుతుంది?

వీధి చివర టైలరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మన ఆడవాళ్ళు బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా తీసుకెళతారు. అందులో ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేతి పొడవు, మెడ లోతు అన్నీ ఒకే మనిషి నుంచి వచ్చాయి. ఒక కొలత నుంచి మరో కొలతను ఊహించే పని టైలరుకు లేదు. పైగా లోపల గుడ్డ వదిలి, ఒకదాని పక్కన ఒకటిగా రెండు మూడు కుట్లు వేస్తారు. కాన్పు తరువాత ఒళ్ళు మారితే ఒక కుట్టు విప్పితే చాలు. పైలట్ సీటుకు వైమానిక దళం కనిపెట్టిన పరిష్కారం టైలరమ్మ కుట్లలో ఎప్పటి నుంచో ఉంది. ■

సన్నని మోడలే ఎందుకు?

ఫ్యాషన్ షో కోసం డిజైనరు ప్రతి డ్రెస్సునూ సాధారణంగా ఒకే ఒక నమూనా సైజులో కుట్టిస్తాడు. ఏ మోడల్ వస్తుందో చివరి రోజు దాకా తెలియదు కాబట్టి ఎవరొచ్చినా ఆ సైజులో పట్టాలి. దాంతో మోడళ్ళ ఏజెన్సీలు ఆ కొలతకు సరిపోయే పిల్లలనే వెతుకుతాయి. పత్రికలకు ఫొటోలు తీసేటప్పుడు కూడా ఆ నమూనా డ్రెస్సులే వెళతాయి కాబట్టి అక్కడా అదే ఒళ్ళు కావాలి. ప్రకటనల్లో, దుకాణం బొమ్మల్లో, చివరికి మన ఫోన్లో కూడా అదే ఆకారం తిరుగుతుంది. మొదట్లో అది ఒక కార్ఖానా సౌకర్యం. తిరిగి తిరిగి అందానికి ప్రమాణం అయింది.

ఆ డ్రెస్సు ఊహ పుట్టేది కాగితం మీద. ఫ్యాషన్ విద్యార్థులకు నేర్పే బొమ్మలో మనిషి ఎత్తు తొమ్మిది తలలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. తల అంటే గడ్డం నుంచి నడినెత్తి దాకా. నిజమైన వయోజనుల ఎత్తు సుమారు ఏడు నుంచి ఏడున్నర తలలే. తల 21 సెంటీమీటర్లున్న స్త్రీని ఆ బొమ్మ లెక్కన సాగదీస్తే ఎత్తు 189 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల రెండంగుళాలు అవుతుంది. సాగదీసినదాంట్లో ఎక్కువ భాగం కాళ్ళలోకే పోతుంది.

దశతాళం లెక్క

ఇలాంటి ఆదర్శ దేహాన్ని కొలతలతో కట్టే విద్య తిరుపతికి కొత్త కాదు. టీటీడీ ఇక్కడ నడుపుతున్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో 1960 నుంచి విద్యార్థులు రాతిలో, లోహంలో, కొయ్యలో విగ్రహాలు మలచడం నేర్చుకుంటున్నారు. వారు పట్టే కొలమానం తాళమానం. తాళం అంటే ముఖం పొడవు, ఇంచుమించు పన్నెండు అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు. చెక్కబోయే విగ్రహం మొత్తం ఎత్తును సమభాగాలు చేస్తే వచ్చే ఒక భాగం. విగ్రహం జానెడైనా నిలువెత్తైనా దాని అంగుళం దానిలోంచే వస్తుంది.

విష్ణువు, శివుడు వంటి ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళం, 124 అంగుళాలు. దేవేరులకు మధ్యమ దశతాళం, 120 అంగుళాలు. మానసారం అనే శిల్పశాస్త్ర గ్రంథం చెప్పే ఉత్తమ దశతాళంలో నడినెత్తి నుంచి నుదుటి పైన వెంట్రుకల మొదలు దాకా 4, ముఖం 13, మెడ 4½, మెడ నుంచి ఎద, ఎద నుంచి బొడ్డు, బొడ్డు నుంచి తొడల మొదలు ఒక్కొక్కటి 13½, తొడ 27, మోకాలు 4, పిక్క 27, పాదం 4. గ్రంథాన్ని బట్టి కొద్ది తేడాలుంటాయి.

ఇప్పుడు దీన్ని ఫ్యాషన్ బొమ్మ లెక్కలోకి మార్చి చూద్దాం. నెత్తి 4, ముఖం 13 కలిపితే తల 17 అంగుళాలు. 124లో పదిహేడు ఏడుసార్లు పోయి కొంచెం మిగులుతుంది. అంటే సర్వోన్నతుడైన దేవుడి విగ్రహం కూడా దాదాపు ఏడుంపావు తలల ఎత్తే. మన మధ్య తిరిగే మనిషి నిష్పత్తి అది. తొడల మొదలు నుంచి పాదం దాకా 62, సరిగ్గా సగం. ఫ్యాషన్ బొమ్మలో కాళ్ళు సగానికి మించిపోతాయి. మన శిల్పి దేవుడికి కూడా ఇవ్వని నిష్పత్తిని ఫ్యాషన్ కాగితం కాలేజీ పిల్ల నుంచి ఆశిస్తోంది.

పాతకాలపు శిల్పమంతా వాస్తవమని దీని అర్థం కాదు. తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి ప్రతిమలున్నాయి. రాణుల నిండైన ఎద, సన్నని నడుము, విశాలమైన కటి ఆనాటి సౌందర్య కల్పనలే. ప్రతి కాలమూ ఒక ఆదర్శాన్ని కల్పించుకుంటుంది. తేడా ఎక్కడుందంటే, గర్భగుడి ముందు నిలబడ్డ భక్తురాలు ఆ విగ్రహాన్ని చూసి నా తుంటి ఇలా లేదే అని భోజనం మానేయదు. అది దైవరూపమని ఆమెకు తెలుసు. ఫోన్లో కనిపించే రూపం సాటి ఆడపిల్లదే అన్న నమ్మకంతో మన ముందుకు వస్తుంది.

కన్ను ఎలా మారుతుంది?

మ్యాట్నీ చూసి బయటికి వచ్చినప్పుడు మామూలు ఎండే భరించలేనంతగా కనిపిస్తుంది. చీకటికి సర్దుకున్న కన్ను ఎండను ఆ చీకటితో పోల్చి కొలుస్తుంది. ఆకారాల విషయంలోనూ మెదడు ఇలాగే సర్దుకుంటుంది. సన్నగా నొక్కిన దేహాల ఫొటోలను కొద్ది నిమిషాల పాటు చూపించాక ఏది మామూలుగా ఉందో చెప్పమని ఆస్ట్రేలియా పరిశోధకులు అడిగారు. చూసేవారి దృష్టిలో ‘మామూలు’ అన్నది సన్నదనం వైపు జరిగింది, ‘అందం’ కూడా జరిగింది. 2005లో ప్రచురించిన ఈ ఫలితాన్ని నిమిషాల నుంచి గంటలకు, గంటల నుంచి ఏళ్ళకు పొడిగించి ఆలోచించండి.

ఒక సమాజం మొత్తానికి ఇది జరిగితే ఏమవుతుందో ఫిజీ దీవుల్లో హార్వర్డ్ వైద్యురాలు ఆన్ బెకర్ చూశారు. అక్కడ పుష్టిగా ఉండటం గౌరవం. ఎవరైనా చిక్కితే బంధువులు కంగారు పడేవారు. ‘ఏమ్మా, ఇట్ల చిక్కిపోయినావే, కూడు తింటాండావా లేదా’ అని మన అవ్వలు అడిగే తీరే అది. 1995లో నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. అది వచ్చిన కొత్తలో, మళ్ళీ మూడేళ్ళకు, 17 ఏళ్ళ దరిదాపుల్లో ఉన్న స్థానిక ఫిజీ బాలికలను బెకర్ బృందం ప్రశ్నించింది. తిండి విషయంలో ప్రమాదకర ధోరణి చూపినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవారు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ళ తరువాత వారు 11.3 శాతం.

ఒళ్ళు ఎలా బదులిస్తుంది?

తిండి బాగా తగ్గించినప్పుడు ఒంటికి కారణం తెలియదు. పెళ్ళి ఫొటోల కోసమా, కరువు వచ్చిందా అన్న తేడా దానికి లేదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతూ, నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలియజేస్తుంటాయి. దీన్ని 1994లో కనుగొన్నారు. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడులోని హైపోథలామస్ దాన్ని ఆపదగా భావించి ఖర్చులు తగ్గించడం మొదలుపెడుతుంది. ఆకలిని పెంచుతుంది. ఒంటి వేడిని, చురుకును తగ్గిస్తుంది. బిడ్డను మోసే స్తోమత లేదని అండాశయాలకు వెళ్ళే సంకేతాలను సడలిస్తుంది. నెలసరి గతి తప్పుతుంది, తరువాత ఆగిపోతుంది. ఆ సంకేతాలు సడలడంతో ఈస్ట్రోజెన్ కూడా పడిపోతుంది. ఎముకలు గట్టిపడవలసిన వయసులో ఈస్ట్రోజెన్ లేకపోతే ఆ నష్టం నలభై, యాభై ఏళ్ళకు బయటపడుతుంది.

మనసు కూడా మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అర్ధాకలి తిండి పెట్టాడు. కరువు బాధితులను ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. వారెవరికీ అందం మీద యావ లేదు. అయినా బరువు నాలుగో వంతు తగ్గేసరికి వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేశారు, దిగులుతో ముడుచుకుపోయారు, చిన్న విషయాలకే విసుక్కున్నారు. తిరిగి తిండి పెట్టాక కూడా కొందరు ఆగలేక అతిగా తిన్నారు. డైటింగ్ తప్పిన అమ్మాయిని ‘నోరు కట్టుకోలేవా’ అని నిందించేవారు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. అక్కడ ఆమె సంకల్పంతో తలపడుతున్నది ప్రాణం నిలుపుకోవడానికి తయారైన యంత్రాంగం.

■ సన్నం అంటే ఆరోగ్యమేనా?

పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యడ్కిన్ తామిద్దరూ కలిసి ఉన్న ఫొటోను 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎత్తు బరువుల నిష్పత్తిని చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండే భారతీయుల్లో కండ తక్కువగా, పొట్ట లోపల కొవ్వు ఎక్కువగా ఉండవచ్చు. మధుమేహం వారినీ వదలదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మూడో వంతు కంటే ఎక్కువ మంది అధిక బరువుతో ఉంటే, దాదాపు 15 శాతం మంది ఉండవలసినంత బరువు లేరు. అధిక బరువు సమస్యే, దాన్ని వైద్యపరంగా చూడాలి. రక్తంలో ఇనుము, ఎముకలో బలం, రక్తంలో చక్కెర, నడుము చుట్టుకొలత: వీటిని చూసేది ఆరోగ్యం. అద్దం ముందు ఆకారాన్ని చూసేది వేరే లెక్క. ■

తెలుగు తెర మీద

1950లలో సావిత్రి నిండైన రూపంతోనే మహానటి అయ్యారు. తరువాతి దశాబ్దాల్లో కథానాయిక దేహం చిక్కుతూ వచ్చింది. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో తెలుగువారికి దగ్గరైన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో కన్నుమూశారు. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తొలగించే శస్త్రచికిత్స చేయించుకున్నారు. నటన గురించి మాట్లాడుకోవలసిన చోట ఆమె బరువు గురించి సంవత్సరాల తరబడి రాసిన, నవ్విన పరిశ్రమ, పత్రికలు, ప్రేక్షకులు అందరం ఆ మరణం ముందు తలవంచుకోవలసిందే. అదే ఏడాది నవంబరులో ప్రకాశ్ కోవెలమూడి తీసిన ‘సైజ్ జీరో’ విడుదలైంది. అనుష్క అందులోని పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగి నటించారు. రాత్రికి రాత్రే సన్నబడవచ్చని ఆశపెట్టే వ్యాపారం మీద తెలుగు సినిమా చేసిన ధైర్యమైన ప్రయత్నమది.

మగపిల్లలకూ ఇది తప్పలేదు. ఆరు పలకల పొట్ట కోసం ఏముందో తెలియని పొడులు, సూదులు వాడే కుర్రాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు.

కొలతను ఒంటి దగ్గరికి తేవాలి

కొన్ని చోట్ల నిబంధనలు, చట్టాలు వచ్చాయి. 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ షో బీఎంఐ 18 కంటే తక్కువున్న మోడళ్ళను వేదిక ఎక్కనివ్వలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడళ్ళకు వైద్యుల ధ్రువపత్రం తప్పనిసరి. దేహాన్ని సన్నగానో లావుగానో దిద్దిన ప్రకటన ఫొటో మీద ఆ సంగతి రాయాలి.

మన దేశంలోనూ ఒక మంచి పని మొదలైంది. కేంద్ర జౌళి శాఖ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) కలిసి ‘ఇండియా సైజ్’ సర్వేను 2018లో ప్రకటించాయి. హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న 25 వేల మంది స్త్రీ పురుషులను కొలవడం లక్ష్యం. ఇందులో టేపు పట్టే చెయ్యి ఉండదు. మనిషి ఒక గదిలో నిలబడితే ఒంటి మీద కాంతి పడుతుంది. ఒంపుల దగ్గర ఆ కాంతి ఎలా వంగిందో చుట్టూ ఉన్న కెమెరాలు చూస్తాయి. దాన్ని బట్టి కంప్యూటరు లక్షల చుక్కలతో ఆ దేహాన్ని కట్టి కొలతలు తీస్తుంది. ఎలాంటి ఆకారాలు ఎందరికి ఉన్నాయో గుంపులుగా విడదీస్తే ఎక్కువ మందికి అమరే సైజులు తయారవుతాయి.

అయితే ఏ పట్టికా తనంతట తాను అంగడికి రాదు. కొనేవాళ్ళం అడగాలి. ప్రతి డ్రెస్సు మీద ఛాతీ, నడుము, తుంటి కొలతలు సెంటీమీటర్లలో ముద్రించమని అడగాలి. దుకాణాల్లో బొమ్మలు రెండు మూడు సైజుల్లో పెట్టమని అడగాలి. తిరుపతి ఆడపిల్లల చదువుకు పేరున్న ఊరు. 1983లో మొదలైన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. కుట్టు, డిజైన్ నేర్పే ప్రతి సంస్థా తొమ్మిది తలల బొమ్మతో పాటు ఏడు తలల నిజమైన స్త్రీని గీయించాలి. పుత్తూరు, నగరి వంటి మగ్గాల ఊళ్ళలో, పొదుపు సంఘాల కుట్టు కేంద్రాల్లో మన ప్రాంతపు ఒంటి కొలతలతో రెడీమేడ్ బట్టలు తయారైతే కొనేవారికి కొదవుండదు.

ఇంట్లో చేయవలసింది ఇంకా సులువు. నెలసరి ఆగిన పిల్లను, తిన్నది వాంతి చేసుకుంటున్న పిల్లను, అన్నం చూస్తే భయపడుతున్న పిల్లను మందలించకుండా వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇది మొండితనం కాదు, చికిత్సతో నయమయ్యే జబ్బు. శుభకార్యాల్లో కనిపించిన ఆడపిల్లను లావయ్యావనో చిక్కావనో పలకరించే అలవాటు పెద్దలు మానుకోవాలి. శిల్పి విగ్రహానికి దానిలోంచే అంగుళం తీస్తాడు, టైలరమ్మ మనిషి నుంచే ఆది తీసుకుంటుంది. మన రెండు విద్యలూ చెప్పేది ఒకటే: కొలత దేహం నుంచి పుట్టాలి. కొలత కోసం దేహాన్ని కోసుకోమనే ఏ ఫ్యాషన్‌నైనా, అది ఎంత అందంగా కనిపించినా, నిరాకరించే హక్కు మన పిల్లలకుంది. ఆ హక్కు ఉందని వారికి చెప్పవలసింది మనమే.